అన్న చెయ్యి చెప్పే వేడి

ఆవిడకి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. కానీ ఆ వీధిలో ఎవర్ని అడిగినా "ఆరాలక్క" అనే చెబుతారు. ప్రతిదానికీ ఆరా తీస్తుంది కనక ఆరాలక్క. గోడకి మేకు కొట్టేవాడు కనిపిస్తే చాలు, ఆ మేకు ఎంత పొడుగు, లోపలికి ఎంత పోతుంది, ఇటుకలో దిగుతుందా, సిమెంటులో దిగుతుందా అని అక్కడే నిలబడిపోతుంది. కొట్టేవాడు సుత్తితో వేలు చితక్కొట్టుకుని లబోదిబోమంటుంటే, "అవునూ, గోరు నల్లబడ్డానికి ఎంతసేపు పడుతుంది?" అని అడిగే రకం. చెడ్డ మనిషి కాదు. ఆ వేలికి గుడ్డ కట్టేదీ ఆవిడే. మొగుడు లారీ డ్రైవరు. ఎప్పుడో ఒకసారి ఇంటికొచ్చి నడుం వాలుద్దామనుకుంటే, దారిలో ఏ వంతెన కింద నీళ్ళు ఎటు పారుతున్నాయో చెప్పేదాకా దిండు ఇవ్వదని ఆయనే చెప్పుకుని నవ్వుతాడు.

ఆరాలక్కకీ వాళ్ళన్నకీ కలిపి కార్లు కడిగే షెడ్డు ఒకటి ఉంది. తండ్రి కట్టింది. రేకుల కప్పు, పక్కపక్కనే రెండు వరుసలు, ఒక్కో వరుసలో ఒక్కో కారు పడుతుంది. నేల మధ్యలో మురుగు పోయే కాలవ, దాని మీద ఇనప జాలీ. వెనక చిన్న గదిలో బాయిలరు. ముందు వైపు అద్దాల గూడు, అందులో ఆరాలక్క. అన్న పొద్దున్నే మోకాళ్ళ దాకా బూట్లు తొడుక్కుని గన్ను పట్టుకున్నాడంటే సాయంత్రం దాకా వదలడు. పేల్చే గన్ను కాదు లెండి, నీళ్ళు చిమ్మే గన్ను.

అన్న మాటల మనిషి కాదు. ఇద్దరి వాటా మాటలూ చెల్లెలే మాట్లాడేస్తుంటే ఆయనకి మిగిలేదేముంది? కడిగే పనివాళ్ళు ఇద్దరూ ఆయన్ని "పెద్దాయన" అంటారు. షెడ్డులో ఆయన నోట పడే ముఖ్యమైన మాట ఒక్కటే. "అయింది."

అదెలాగంటే, అక్కడి బాయిలరు ముసలిది. దానికి వేడి చూపించే గేజీ ఉంది గానీ ముల్లు ఎప్పుడో బిగుసుకుపోయి, మండుటెండలోనూ కొరికే చలిలోనూ ఒకటే అంకె చూపిస్తుంది. పొద్దున్నే వెలిగిస్తే కాసేపు దగ్గుతుంది. తరవాత పైపులు ఢంకా బజాయించినట్టు కొట్టుకుంటాయి. ఆ తరవాత మెల్లిగా సద్దుమణిగి, బొంగురు గొంతుతో ఒక మూలుగు. అప్పుడు అన్న వెళ్ళి కుళాయి కింద చెయ్యి పెడతాడు. ఒక క్షణం ఆగుతాడు. "అయింది" అంటాడు. ఆయన ఆ మాట అనందే ఎవరూ గన్ను ముట్టుకోరు. ఇంకొకరు చెయ్యి పెట్టి చూడటం కూడా లేదు. తండ్రి పెట్టిన కట్టుబాటు అది. ఒకప్పుడు గడ్డకట్టే చలిలో ఆయన ఒక మాట, పనివాడు ఒక మాట అని వాదులాడుకుని, చివరికి సలసల కాగే నీళ్ళు చల్లటి అద్దం మీద కొట్టేసరికి, ఎవరిదో కారు ముందద్దం ఈ చివర్నుంచి ఆ చివరి దాకా ఫట్‌మంది. "నీళ్ళకి ఒక్క చెయ్యే ఉండాలి" అని ఆ రోజే తీర్మానించాడు తండ్రి. ఆయన తరవాత ఆ చెయ్యి కొడుకుదైంది.

కిందటి చలికాలం ముసలిది చేతులెత్తేసింది. లోపలి గొట్టపు చుట్ట ఒకచోట అతికిస్తే ఇంకోచోట కారేది. పైగా నేల మీద పడ్డ నీళ్ళు పడ్డట్టే గడ్డకట్టి, కారు దిగిన పెద్దమనిషి ఒకాయన జర్రున జారి జాలీ మీద కూర్చున్నాడు. లేవదియ్యడానికి వెళ్ళిన అన్న కూడా ఆయన పక్కనే కూర్చున్నాడు. నవ్వొచ్చే సంగతే గానీ ఎవరూ నవ్వలేదు. మళ్ళీ చలి రాకముందే అంతా విప్పి కొత్తది వెయ్యాలని ఆరాలక్క పట్టుబట్టింది. లేకపోతే ఆ చలికాలమంతా షెడ్డు మూసుకోవాల్సిందే.

షెడ్డు పక్కనే అన్న ఇల్లు. వదిన టీ పోస్తుంటే ఈ మాట వచ్చింది. అన్న కప్పు వైపు చూస్తూ, "కొత్తదానికి గేజీ ఉంటుందిగా. ఇక నేనెందుకు?" అన్నాడు.

వదిన చెయ్యి ఆగిపోయింది. అన్నకి షెడ్డు తప్ప వేరే లోకం లేదు. పేకాట లేదు, సినిమా లేదు, నలుగురితో కూర్చుని పిచ్చాపాటీ లేదు. షెడ్డు మూసిన రోజున ఇంట్లో కారని కుళాయిల్ని కూడా విప్పి బిగిస్తాడు. ఆయన్ని అక్కణ్ణుంచి తీసేస్తే ఏమవుతాడో ఇద్దరాడవాళ్ళకీ తెలుసు.

"గేజీలు వెయ్యి రానియ్యి అన్నయ్యా! నువ్వు 'అయింది' అనందే ఆ షెడ్డులో చుక్క నీరు పారదు. ఏ బాయిలరు కొనాలో కూడా నీ చెయ్యే చెప్తుంది. సరేనా?" అంది ఆరాలక్క.

"సరేలే," అన్నాడు అన్న. కానీ మొహం తేటపడింది. వదిన మాత్రం ఎందుకో ఆరాలక్క వైపు చూడకుండా కప్పులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ఇక చూడండి ఆరాలక్క సంబరం! ఆరా తీయడమే పని అయితే ఆవిడకంటే అదృష్టవంతురాలెవరు? ముందు ప్లంబర్ని పట్టుకుంది. అతను పాత పైపు ఒకటి అడ్డంగా కోసి చూపించాడు. బయటికి బొటనవేలంత లావున్న పైపు, లోపల చూస్తే చిటికెన వేలు కూడా దూరదు. చుట్టూ తెల్లగా, పొరలుపొరలుగా సున్నం. దాన్ని గోటితో గీకింది, వాసన చూసింది, నాలిక్కి తగిలించుకోబోతుంటే ప్లంబరు, "అమ్మా, అది తినేది కాదు!" అని లాక్కున్నాడు.

"ఇదంతా మన నీళ్ళలోంచేనా?"

"మరి ఎక్కణ్ణుంచి? మీవి గట్టి నీళ్ళు. వేడి తగిలేసరికి సున్నం విడిపోయి గోడకి పట్టేస్తుంది. కార్ల మీద తెల్ల మచ్చలు కూడా దాని పుణ్యమే."

ఇన్నేళ్ళుగా ఆ మచ్చలకి పనివాళ్ళు గుడ్డ సరిగ్గా వెయ్యలేదని తిట్టింది ఆవిడే. పాపం వాళ్ళు! ఆ సాయంత్రమే వాళ్ళని పిలిచి పైపు ముక్క చేతిలో పెట్టి, "తప్పు మీది కాదు, దీనిది" అంది. వాళ్ళు ఆ పైపునీ ఆవిడనీ మార్చిమార్చి చూశారు.

తరవాత ఊరి అవతల కొత్తగా పెట్టిన షెడ్డుకి, కారు లేకుండానే, కారు కడిగించుకునే దానిలా వెళ్ళింది. అక్కడి వాళ్ళు మంచివాళ్ళు, లోపలికి రానిచ్చారు. మనిషంత పొడుగు తొట్టి ఒకటి చూపించారు. సాఫ్టెనర్ అన్నారు. లోపల తేనెరంగు గింజలుంటాయి, గట్టి నీళ్ళు వాటిలోంచి పోతుంటే సున్నాన్ని అవి పట్టేసుకుంటాయి, నిండిపోయాక ఉప్పునీళ్ళతో కడిగితే మళ్ళీ ఖాళీ అవుతాయి. "ఉప్పుకి ఆ సంగతి ఎవరు చెప్పారు?" అని ఆశ్చర్యపోయింది. నేల కింద పాముల్లా చుట్టలు తిరిగిన గొట్టాలున్నాయని, వాటిలో వెచ్చటి నీళ్ళు తిరుగుతుంటే పైన మంచు కట్టదని చెబితే, చెప్పులు విడిచి ఆ నేల మీద నిలబడింది. గోరువెచ్చగా, పసిపిల్ల పొట్టలాగా ఉంది. అక్కణ్ణుంచి కదలమంటే కదలదే! రాజుని చూసిన కంటితో మగణ్ణి చూస్తే మొత్తబుద్ధయిందన్నట్టు, ఇంటికొచ్చి తమ బాయిలర్ని చూస్తే ఆవిడకి ఏడుపొచ్చింది.

ముసలిదాన్ని విప్పేశారు. ముందుగా సాఫ్టెనర్ వచ్చింది, నేల తవ్వి గొట్టాలు పరిచారు. ఇక మిగిలింది నీళ్ళు కాచే యంత్రం. హీటర్ల షాపతను అరచేతిలో వైకుంఠం చూపించి, నచ్చకపోతే తీసుకెళ్ళిపోతానని ఒకటి తెచ్చి బిగించాడు. తెల్లగా, నున్నగా, గోడకి తగిలించిన అలమారలా ఉంది. మీట నొక్కితే వెలిగిందో లేదో కూడా తెలియలేదు. గేజీలో అంకె గబగబా ఎక్కి అరవై డిగ్రీల దగ్గర నిలబడింది.

అన్న బూట్లు టకటకలాడించుకుంటూ వచ్చి కుళాయి కింద చెయ్యి పెట్టాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"గోరువెచ్చగా ఉంది. ఇది పనికిరాదు."

"గోరువెచ్చనా!" షాపతను నోరు వెళ్ళబెట్టాడు. తను కూడా చెయ్యి పెట్టి, "హమ్మో!" అని వెనక్కి లాక్కుని ఊదుకున్నాడు. "సార్, కాలిపోతోంది సార్!"

"మీవి కాగితాలు తిప్పే చేతులు బాబూ," అంది ఆరాలక్క. పనివాళ్ళు పకపకా నవ్వారు. షాపతను తనూ నవ్వక తప్పలేదు. ఆ హీటరు వెనక్కి పోయింది.

రెండోది దానికంటే పెద్దది. దాని అంకె ఇంకా పైకెక్కింది. కుళాయి దగ్గర పొగలాగా ఆవిరి. అన్న చెయ్యి పెట్టి, ఈసారి ఎక్కువసేపే ఉంచి, కనుబొమ్మలు ముడిచాడు. "ఊఁహూఁ. ముసలిదాని వేడి దీనికి లేదు." షాపతనికి ఒళ్ళు మండింది. "అమ్మా, మీరన్నా గేజీ చూడండమ్మా! నేనేం కనికట్టు చేస్తున్నానా?" అన్నాడు. ఆరాలక్క మాట ఇచ్చిన మనిషి. "గేజీ సంగతి నాకు తెలీదు. మా అన్నయ్య కాదంటే కాదు" అనేసింది. అతను గొణుక్కుంటూ రెండోదాన్నీ బండెక్కించాడు.

అలా అనేసింది గానీ, ఆవిడ ఆరాలక్క కదా! అంకె ఎక్కుతుంటే వేడి ఎందుకు ఎక్కదు? ఈ ప్రశ్న తిండి తిననివ్వలేదు. దారిలో పైపు వేడిని మింగేస్తోందేమో అని ప్లంబరు చేత పైపు పొడుగునా మందపాటి తొడుగు వేయించింది. గేజీ అబద్ధం చెబుతోందేమో, ఈసారి వచ్చేదాన్ని కొలుద్దామని ఒక థర్మామీటరు కొనుక్కొచ్చింది. అదీ గేజీ రెండూ ఒకే తానులో ముక్కలేమో అని అనుమానం వచ్చి, వంటింట్లో మరిగే నీళ్ళలో ఒకసారి, మంచుముక్కల్లో ఒకసారి ముంచి చూసింది. నిక్కచ్చిగా చెప్పింది థర్మామీటరు. గోడని అనుమానించింది, గాలిని అనుమానించింది, షాపతన్ని సరేసరి. ఒక్క అన్న చెయ్యిని మాత్రం అనుమానించలేదు. ఆ చెయ్యి వేళ్ళ మీద రెండు మూడు చోట్ల బొబ్బలు లేచి ఉంటే, "ఇదేంటన్నయ్యా?" అని అడిగింది కూడా. "కొత్త సబ్బు పడలేదే" అన్నాడు. వెంటనే సబ్బు డబ్బా తెచ్చి దాని మీద ఏం రాసుందో చదవడం మొదలుపెట్టింది. ఏం చేస్తాం!

ఈలోగా గాలి మారింది. పొద్దుట పూట కార్ల అద్దాల మీద సన్నగా తెల్లటి పొర కడుతోంది. షాపతను మూడోది తెస్తూ, "అమ్మా, ఇదే ఆఖరు. ఇదీ కాదంటే వేరే షాపు చూసుకోండి" అని ముందే చెప్పాడు. ఆరాలక్క గూట్లో కూర్చుని తల పట్టుకుంది. "ఇది కూడా కుదరకపోతే ఈ చలికి షెడ్డు మూసుకోవడమే, ఇంక నా వల్ల కాదు" అని ప్లంబరుతో అంటుంటే, అవతల బూట్లు వేసుకుంటున్న అన్నకి వినబడింది.

మూడోదాన్ని బిగించారు. ఇంకా వెలిగించలేదు. కొత్త పైపుల్లో దుమ్మూ ధూళీ ఉంటాయని, వాటిని కడగడానికి ప్లంబరు చన్నీళ్ళు వదిలాడు. కుళాయి ధారగా పారుతోంది. షాపతను మీట దగ్గర వైర్లు కలుపుకుంటున్నాడు. అప్పుడు అన్న వచ్చాడు. ఎవర్నీ ఏమీ అడక్కుండా వచ్చి కుళాయి కింద చెయ్యి పెట్టాడు. ఒక క్షణం ఆగాడు. చెల్లెలి వైపు చూసి నవ్వాడు.

"అయింది," అన్నాడు. "ఇది బాగుందే. మంచి వేడి. ఇదే ఖాయం చేసెయ్యి."

షాపతను ఏదో అనబోయాడు. ఆరాలక్క చూసిన చూపుకి అతని నోరు అక్కడే ఆగిపోయింది. ప్లంబరు తల దించుకుని రెంచీ కోసం వెతుకుతున్నట్టు నటించాడు. అన్న చెయ్యి గుడ్డకి తుడుచుకుంటూ, చాలా రోజుల తరవాత తేలిగ్గా, వరుసలోకి వెళ్ళిపోయాడు.

ఆయన అటు వెళ్ళాక ఆరాలక్క ఆ ధార కింద చెయ్యి పెట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఆ షెడ్డులో ఆవిడ ఆ పని చెయ్యడం అదే మొదలు. నీళ్ళు ఎముకలు కొరికేంత చల్లగా ఉన్నాయి. "ఇంకాసేపు ఎవరూ ఏమీ వెలిగించకండి" అని మాత్రం అనగలిగింది.

నేరుగా అన్న ఇంటికి వెళ్ళింది. వదిన పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

"వదినా, అన్నయ్య స్నానానికి నీళ్ళు ఎవరు కలుపుతారు?"

వదిన చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది. "నేనే" అంది. "చొక్కా బొత్తాలు కూడా నేనే పెడతాను. ఇంకేం అడగాలమ్మా? అడుగు. నీకు దొరక్కుండా ఇన్నాళ్ళు దాచడమే గొప్ప."

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండు మూడు చలికాలాలనుంచి. ముందు వేళ్ళు తిమ్మిరెక్కేవి. తరవాత సూది గుచ్చినా తెలియలేదు. గన్ను అదురుకీ, చన్నీళ్ళకీ నరాలు దెబ్బతిన్నాయన్నాడు డాక్టరు. పోయిన స్పర్శ ఇక రాదన్నాడు. నీకు చెప్తే నా మీద ఒట్టేనన్నారు మీ అన్నయ్య. నువ్వు ఆ రోజు 'నీ చెయ్యే చెప్తుంది' అని మాటిస్తుంటే నాకు గుండెల్లో రాయి పడింది. మింగలేక కక్కలేక చచ్చాననుకో!" వదిన ఆ తడి చొక్కాతోనే కళ్ళు తుడుచుకుంది.

ఆరాలక్కకి ముందు కోపం వచ్చింది. ఆ తరవాత సిగ్గేసింది. తిరిగి షెడ్డుకి వచ్చేసరికి అన్న ఖాళీ వరుసలో నిలబడి కొత్త నేల చూసుకుంటున్నాడు.

"అన్నయ్యా, ఆ నీళ్ళు చన్నీళ్ళు," అంది. దాచడం చాతకాదు ఆవిడకి.

ఆయన నేల మీంచి చూపు తిప్పలేదు. "అనుకున్నా," అన్నాడు. "ఆ షాపతని మొహం చూసి అనుకున్నా."

"ఆ రెండూ ఎంత కాలుతున్నాయో తెలుసా నీకు? చెయ్యి బొబ్బలెక్కిపోతే సబ్బు పడలేదంటావా? నీ మాట నమ్మి ఇంకా వేడి పెంచి ఉంటే కడిగే వాళ్ళ చేతులు ఉడికిపోయేవి కదా! ఎందుకు చెప్పలేదు?" కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "అదంతా పోనీ. మరి ఇన్నాళ్ళూ ముసలిదానికి సరిగ్గా ఎలా చెప్పావు? ఒక్కసారి కూడా తప్పు పోలేదే!"

ఏడుస్తూ కూడా ఆరా! అన్న పెదవి చివర్న చిన్న నవ్వు మెరిసి పోయింది.

"ముసలిదే చెప్పేదే. పైపులు కొట్టుకోవడం ఆగి మూలుగు మొదలైందంటే అయిపోయినట్టే. చెయ్యి ఊరికే పెట్టేవాణ్ణి, మీరందరూ చూస్తారు కదా అని. ఈ కొత్తవి నోరెత్తవు. చెయ్యి పెడితే ఏమీ తెలీదు. ఏమీ తెలియలేదంటే వేడి లేదనుకున్నా."

"మరి ఇవాళ?"

"నా మాట మీద ఎన్ని వెనక్కి పంపిస్తావు నువ్వు? షెడ్డు మూసేస్తానంటుంటే విన్నా. ఇదన్నా ఉండనీ అనుకున్నా." ఆయన ఒక బూటు విప్పాడు, రెండోది విప్పాడు. గోడ వారగా పెట్టాడు. "నువ్విచ్చిన మాట నువ్వు నిలబెట్టుకోనక్కర్లేదు. గేజీ చూసుకుని పెట్టించుకో. రేపట్నుంచి నేను రాను." ఉత్త కాళ్ళతో ఆ చల్లటి నేల మీద నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయాడు. ఆరాలక్క వెంట పడలేదు.

మర్నాడు షాపతని దగ్గరికి వెళ్ళి, "బాబూ, తప్పు మాదే. మూడోదాన్ని తీసేసి ఆ మొదటిదే తెచ్చి పెట్టండి" అంది. అతను నాలుగు మాటలు అన్నాడు. పడింది. పడాల్సిన మాటలే. అయితే ఒక్క ప్రశ్న అడక్కుండా ఉండలేదు. "తెలియకుండా ఎవరన్నా చెయ్యి పెట్టినా కాలకుండా ఉండాలంటే ఏం పెట్టాలి?" అతను కోపం మరిచిపోయి, చన్నీళ్ళు తనంతట తనే కలుపుకుని పెట్టిన హద్దు దాటనివ్వని వాల్వు ఒకటి తీసి చూపించాడు. దాన్ని విప్పించి లోపల ఏముందో చూసింది. వేడికి ఉబ్బి, చలికి ముడుచుకునే చిన్న మైనపు గుళిక. అదే దారి తెరుస్తుంది, అదే మూస్తుంది. "ఇంత దానికి ఎంత తెలివి!" అనుకుంటుండగానే ఆవిడకి మళ్ళీ కళ్ళు నిండాయి. రెండు గన్నులకీ, కుళాయికీ కూడా ఆ వాల్వు పెట్టించింది.

అన్న మాత్రం రాలేదు. ఆరాలక్క వెళ్ళి పక్కన కూర్చుంటే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఇంట్లో కుళాయి నిజంగానే కారుతున్నా లేచి బిగించడం లేదని వదిన చెప్పింది. "గేజీ చూసి నువ్వే 'అయింది' అను అన్నయ్యా" అని ఆరాలక్క ఒకసారి అంది. "అంకె చూసి చెప్పడానికి నేనెందుకే? కళ్ళున్న ఎవడైనా చెప్తాడు" అన్నాడు.

షెడ్డు తెరిచే రోజు వచ్చింది. బయట గడ్డకట్టే చలి. లోపల మాత్రం నేల పొడిగా, వెచ్చగా ఉంది. హీటరు చప్పుడు లేకుండా పని చేస్తోంది. గేజీలో అంకె ఎక్కడ నిలబడాలో అక్కడే నిలబడింది. గేటు దగ్గర మొదటి కారు వచ్చి ఆగింది. పనివాళ్ళిద్దరూ బూట్లు తొడుక్కుని నిలబడ్డారు గానీ గన్ను ముట్టుకోలేదు. ఆరాలక్క కూడా "కానివ్వండి" అనలేకపోయింది. అందరూ కుళాయి వైపే చూస్తున్నారు. ప్లంబరు గడియారం చూసుకుని దగ్గాడు.

అప్పుడు పక్క తలుపు తోసుకుని అన్న వచ్చాడు. చేతులకి వదిన తొడిగిన ఉన్ని తొడుగులున్నాయి. ఎవరి వైపూ చూడకుండా కుళాయి దగ్గరికి వచ్చి, తిప్పమన్నట్టు ప్లంబరుకి సైగ చేశాడు. నీళ్ళు వచ్చాయి. ఆయన చెయ్యి పెట్టలేదు. చెల్లెలి వైపు తిరిగాడు.

"నువ్వు పెట్టవే."

"నేనా? ఒక్క చెయ్యే ఉండాలన్నారు కదా నాన్న."

"ఆ ఒక్కటీ ఇక నీదే. పెట్టు."

ఆమె పెట్టింది. అన్న ఇంకాస్త దగ్గరికి జరిగి, ఆ చేతినే చూస్తూ అడిగాడు.

"ఎలా ఉంది?"

"వేడిగా ఉంది."

"వేడి అంటే? కాలుతోందా? ముందు వేళ్ళకి తెలిసిందా, అరచేతికా? సరిగ్గా చెప్పు."

"ముందు వేళ్ళకి. చురుక్కుమంది. ఇప్పుడు చురుకు లేదు. మెల్లిగా మణికట్టు దాకా పాకుతోంది. హాయిగా ఉంది అన్నయ్యా. తియ్యబుద్ధి కావట్లేదు."

ఆయన తల ఊపాడు. పనివాళ్ళ వైపు చూసి ఇక కానివ్వమన్నట్టు గడ్డం ఎత్తాడు. వాళ్ళు గన్నులు అందుకున్నారు, గేటు దగ్గర కారు కదిలింది. ఆరాలక్క చెయ్యి వెనక్కి తీసుకోబోయింది.

"ఉంచవే," అన్నాడు అన్న. "ఇంకాసేపు ఉంచి చెప్పు."

ఆమె రెండో చెయ్యి కూడా ఆ ధార కింద పెట్టి, చెప్పడం మొదలుపెట్టింది.